గుమ్మం దాటలేని మహారాజు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటారు కాబట్టి చెప్పను, ప్రతాపకేతు అనే రాజు ఉండేవాడు. వయసులో చిన్నవాడు. బుద్ధిమంతుడే. కాని తనంతటివాడు తాను తప్ప ఈ భూమ్మీద మరొకడు లేడని గట్టి నమ్మకం. తాత కట్టించిన కోటలో, తండ్రి గెలిచి ఇచ్చిన సింహాసనం మీద జారగిలబడి, "మేము ఎవరి సాయమూ లేకుండా ఎదిగినవాళ్ళం" అనేవాడు. సభలో అందరూ తలలూపేవారు. రాజుగారంతటివాడు అంటే ఊపక ఏం చేస్తారు?

ఊగని తల ఒక్కటే ఉండేది. అది పేరయ్యది. పేరయ్య మంత్రి కాడు, సేనాపతి కాడు. పాత రాజుగారి కాలం నుంచి సభలో ఓ స్తంభాన్ని ఆనుకుని కూర్చోవడం, అవసరమైన చోట ఓ చమత్కారం విసరడం, ఇదే ఆయన ఉద్యోగం. ఆ స్తంభానికి ఆయన వీపు ఆనిన చోట నున్నబడిపోయిందని చెప్పుకునేవారు.

ఇలా ఉండగా దూరదేశం నుంచి విశృంఖలాచార్యుడనే పండితుడు కొలువుకు వచ్చాడు. సన్నగా, నిటారుగా, ఎవరికీ నమస్కారం పెట్టకుండా వచ్చి నిలబడ్డాడు.

"మహారాజా, మనిషి ఒక్కడే పుడతాడు, ఒక్కడే పోతాడు. నడుమ ఎవరో వేసిన మాటల సంకెళ్ళు ఎందుకు? ఈ దేశంలో చూస్తున్నాను. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. వెళ్ళిపోయేవాడు వెళ్ళొస్తానంటాడు. అన్నీ అబద్ధాలే. అవైనా సొంత అబద్ధాలా అంటే కావు, ముత్తాతల దగ్గర అరువు తెచ్చుకున్నవి. ఎవరి మనసులో ఉన్నది వారు ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. అదీ స్వేచ్ఛ" అన్నాడు.

రాజుకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ తన కడుపులో ఉన్న మాటను ఎవరో పైకి తీసి చూపించినట్టయింది. మర్నాడే ఊరంతా దండోరా వేయించాడు. ఇకమీదట ఎవరి మాట వారిది. దీవెనలు చెల్లవు. పెద్దలు నేర్పిన ముసుగు మాటలు చెల్లవు. కాదని పలికినవారు పొలిమేర దాటి పోవలసిందే.

మొదట జనం నవ్వుకున్నారు. రాను రాను ఆ నవ్వు ఎండిపోయింది. కొత్త కోడలు వంటింట్లోంచి "బియ్యం లేవు" అని కేకవేస్తే, వీధరుగు మీద కూర్చున్న మామగారికి చుట్టాల ముందు తల కొట్టేసినట్టయింది. ఊరు విడిచి వెళ్ళే అల్లుడు "వెళ్తున్నాను" అంటే అత్తగారు "వెళ్ళు" అంది. దారి పొడుగునా ఆ పిల్లవాడు తను చేసిన తప్పేమిటా అని ఆలోచించుకుంటూ పోయాడట. అందరూ ఉన్నదే చెప్పుకున్నారు. చెప్పుకున్నకొద్దీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తగ్గిపోయింది. దీపం ఆరితే కొంపలేం మునగవని వాళ్ళకూ తెలుసు. మళ్ళీ వెలిగించుకుంటారు. పక్కనున్నవాడి గుండె గతుక్కుమనకుండా చెప్పుకునే పద్ధతి అది, అంతే. ఆపాటి ఇంగితం పండితుడికి లేకపోయింది, రాజుకు అక్కరలేకపోయింది.

కోట సింహద్వారం పక్కన ఓబుళమ్మ అనే ముసలావిడ చలివేంద్రం నడిపేది. దారిన పోయేవాళ్ళకు నీళ్ళు, మజ్జిగ పోసేది. తాగి కదిలే ప్రతివాడితోనూ, వాడు రైతు కానీ భటుడు కానీ, "వెళ్ళి రా నాయనా" అనేది. దండోరా తరువాత కూడా అలాగే అంది. తలారులు ఓసారి చెప్పారు, ఇంకోసారి బెదిరించారు. ఇక లాభం లేదని సభకు పట్టుకొచ్చారు.

"నీకు దండోరా వినపడలేదా?" అన్నాడు రాజు.

"వినపడకేం నాయనా, మా పందిట్లో నిలబడే కొట్నాడు. వాడికి మజ్జిగ గూడా నేనే పోసింటి" అంది ఓబుళమ్మ.

"మరి ఆ మాట ఎందుకు అంటున్నావు?"

"గుమ్మం దాటే బిడ్డను పట్టుకుని పో అని ఎట్లంటా? నోరు తిరగదు."

"వాళ్ళు నీ బిడ్డలా?"

"నా చేతి నీళ్ళు తాగినారు గదా."

విశృంఖలాచార్యుడు చిన్నగా దగ్గాడు. "మహారాజా, ఈమెను వదిలితే రేపు ఊరంతా ఇదే పాట."

రాజు కనుబొమలు ముడివేశాడు. సరిహద్దులో శత్రురాజు దండు విడిసి ఉంది. మర్నాడు ఉదయమే తాను దండయాత్రకు బయలుదేరాలి. జీవితంలో మొదటి యుద్ధం. ఇలాంటప్పుడు తన మాట చెల్లకపోతే ఎలా? "రేపు నేను కోట దాటగానే ఈమెను తూర్పు పొలిమేర అవతల వదిలిపెట్టండి" అన్నాడు.

తూర్పు పొలిమేర అవతల ఉన్నది అడవి. అడవి దాటితే శత్రువుల దండు. నాలుగడుగులు వేస్తే మోకాళ్ళు పట్టుకుని కూర్చునే మనిషి ఆవిడ. అక్కడ వదలడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పాలన్న శాసనం ఉన్నా ఆ సంగతి ఒక్కడూ చెప్పలేదు.

స్తంభం దగ్గర పేరయ్య లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఈ శాసనం..."

"ఆగు" అన్నాడు రాజు. "నీ కథలు, ఉపమానాలు నాకు వద్దు. ఈ శాసనం తప్పంటావు, అంతేనా? సరే. రేపు నేను కోట గుమ్మం దాటేలోగా ఆ మాట నా నోటితో అనిపించు. వాదించడానికి వీల్లేదు. శాసనాన్ని ఒక్కసారి కూడా మీరడానికి వీల్లేదు. అనిపించలేకపోతే ఆమెతోపాటు నువ్వూ పొలిమేర దాటుతావు."

పేరయ్య చేతులు జోడించాడు. "చిత్తం. ఒక్క మనవి. రేపు తమరు నిద్ర లేచింది మొదలు కోట దాటేవరకు, ఈ శాసనాన్ని రాజమందిరంలో తు.చ. తప్పకుండా అమలు జరిపించే అధికారం నాకు ఇప్పించండి."

"ఇప్పుడు అమలు జరగడం లేదా?"

"ఇందాక తమరు సభకు వస్తుంటే వందిమాగధులు వేయేళ్ళు వర్ధిల్లమన్నారు ప్రభూ. వేయేళ్ళు ఎవరూ బతకరు."

రాజు ముఖం కందిపోయింది. ఊరందరి నోళ్ళు కట్టించినవాడు, తన చెవులకు పడే దీవెనలను మాత్రం గమనించనే లేదు. గాలి పీల్చడం ఎవరు గమనిస్తారు? "ఇచ్చాం" అన్నాడు ముక్తసరిగా.

సాయంత్రం పేరయ్య చెరసాలకు వెళ్ళాడు.

"అవ్వా, రేపొక్క పూట నోరు కట్టుకోగలవా?"

"చెయ్యి కట్టుకోమను, కట్టుకుంటా. నోరు నా చేతిలో యాడుంది నాయనా?" అంది ఓబుళమ్మ. "నాతోబాటు నువ్వూ పందెం ఒడ్డినావంటనే. నీకెందుకయ్యా ఈ పీకులాట? ఇంటికాడ భార్యాబిడ్డలు లేరా?"

పేరయ్యకు ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది. "నోరు చేతిలో లేకపోవడమే నాకు కావలసింది" అని లేచాడు. ఇంటికి వెళ్ళాక మాత్రం అన్నం సయించలేదు.

తెల్లవారింది. రోజూ రాజును మేలుకొలిపే వందిమాగధులు పడకగది వాకిట్లో బొమ్మల్లా నిలబడ్డారు. పక్కన పేరయ్య.

"తెల్లవారింది. లేవండి" అన్నాడు పెద్ద గాయకుడు.

రాజు కళ్ళు తెరిచి ఇంకేమైనా వస్తుందేమోనని చూశాడు. ఏమీ రాలేదు. లేచాడు.

స్నానం చేసి, కవచం తొడిగించుకుంటుండగా తుమ్ము వచ్చింది. ఒక్కటే తుమ్ము. ఎప్పుడైనా ఆయన తుమ్మితే నలుమూలల నుంచి "చిరంజీవ, శతాయుష్షు" అని వినపడేది. చిన్నప్పుడు తల్లి అనేది, తరువాత దాదులు, ఆ తరువాత పురోహితులు. ఈసారి గది గోడలు కూడా పలకలేదు. కవచం బిగిస్తున్న సేవకుడు తల వంచుకుని తన పని తాను చేసుకుపోయాడు. రాజు రెండో తుమ్ము కోసం కాసేపు ముక్కు ఎగబీల్చి ప్రయత్నించాడు కూడా. రాలేదు.

పూజామందిరంలోకి అడుగు పెట్టబోతుంటే పురోహితుడు ఎదురొచ్చాడు. పేరయ్య వైపు ఒకసారి చూసి, గుటక మింగి, "మహారాజా, దీపం ఆరిపోయింది" అన్నాడు.

"ఏమిటి?"

"ఆరిపోయింది మహారాజా. గాలికి."

"యుద్ధానికి బయలుదేరే పూట ఆ మాటేమిటయ్యా!" అని రాజు గర్జించబోయి, పక్కన విశృంఖలాచార్యుడు తృప్తిగా తలూపడం చూసి ఆగిపోయాడు.

మహారాణి చంద్రరేఖ వచ్చి భర్త నడుముకు కత్తి కట్టింది. ఒర అంచు తగిలి ఆమె చేతి గాజు ఒకటి చిట్లి నేల మీద పడింది. ఆ ముక్క రాతి మీద దొర్లిన చప్పుడు గదంతా వినపడింది. చెలికత్తె వంగి ఏరుతూ, ఏడుపు గొంతుతో, "మహారాణివారి గాజు పగిలింది" అంది. యుద్ధానికి వెళ్ళే మగవాడి ముందు ఏ ఇంట్లోనూ, ఎంత పేద ఇంట్లోనూ ఆడని మాట అది. మహారాణి ముఖం పాలిపోయింది. ఆమె పగిలిన గాజు వైపు చూడలేదు, పేరయ్య వైపు చూసింది. తాను చేస్తున్నది మంచిపనేనా అని ఆ క్షణాన ఆయనకూ అనుమానం వచ్చింది. నిన్న దీపం ఆరలేదా? మొన్న గాజు చిట్లలేదా? ప్రతిరోజూ జరిగేవే. కాని వాటి మీద కప్పే మాట ఈ రోజు లేదు. పేరయ్య పెదవి కొరుక్కుని నిలబడ్డాడు.

అందరూ సింహద్వారం దగ్గరికి వచ్చారు. బయట మైదానంలో సైన్యం బారులు తీరి ఉంది. అన్ని వేలమంది ఉన్నా గుర్రాల సకిలింపు తప్ప మరో అలికిడి లేదు. గుమ్మం పక్కన చలివేంద్రం పందిరి ఖాళీగా ఉంది. దాని దగ్గరే ఓబుళమ్మను చేతులకు తాడు కట్టి నిలబెట్టారు.

"సైన్యం సిద్ధమేనా?" అన్నాడు రాజు.

సేనాపతి అలవాటు కొద్దీ ఏదో అనబోయి, పేరయ్యను చూసి సర్దుకున్నాడు. "నిలబడి ఉన్నారు ప్రభూ. సిద్ధంగా ఉన్నారని చెప్పలేను. ఇంటి దగ్గర అందరూ 'వెళ్ళు' అనిపించుకుని వచ్చారు. పొద్దున్నుంచి ఒక్కడూ పెదవి విప్పలేదు. తలలన్నీ ఊరివైపే తిరిగి ఉన్నాయి."

రాజు చూశాడు. నిజమే. బల్లేలు ముందుకు ఉన్నాయి, ముఖాలు వెనక్కి ఉన్నాయి.

మహారాణి హారతి ఇచ్చి, నుదుట కుంకుమ దిద్దింది. ప్రతాపకేతు తండ్రి ఎన్ని యుద్ధాలకు వెళ్ళాడో, అన్నిసార్లూ ఇదే గుమ్మంలో ప్రతాపకేతు తల్లి ఒక మాట అనేది. స్తంభం చాటున నిలబడి విన్న చిన్నతనం అతనికి గుర్తొచ్చింది. ఆ మాట కోసం తెలియకుండానే ఆగాడు.

"వెళ్ళండి" అంది మహారాణి.

"అంతేనా?"

"అంతే."

"నీ మనసులో ఏమీ లేదా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉంది. భయంగా ఉంది. తమరు తిరిగి వస్తారో రారో నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం శాసన విరుద్ధం."

రాజు కుడికాలు గుమ్మం మీదికి ఎత్తి అలాగే ఉండిపోయాడు. ఆ కాలు ముందుకు పడదు, వెనక్కి రాదు. పండితుడి వైపు తిరిగి, "ఆచార్యా, మీరైనా ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. ఆ గొంతులో అధికారం లేదు.

విశృంఖలాచార్యుడు వేళ్ళు ముడిచి ఆలోచించాడు. "తర్కించి చూస్తే మహారాజా, యుద్ధానికి వెళ్ళినవాడు తిరిగి రావడం, రాకపోవడం, రెండూ సమానంగా సాధ్యమే."

సేనాపతి కళ్ళు మూసుకున్నాడు.

రాజు ఎత్తిన కాలు దించేశాడు. రెండడుగులు వెనక్కి వేసి గుమ్మం పక్క అరుగు మీద కూలబడ్డాడు. "మంచినీళ్ళు" అన్నాడు.

పేరయ్య చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "ప్రభూ, బయలుదేరేటప్పుడు అపశకునమైతే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవడం పెద్దలు నేర్పిన పద్ధతి. తమరు దాన్నే పాటిస్తున్నారా? లేక నిజంగా దాహమా? ఏదో తెలిస్తే, దాన్నిబట్టి ఇవ్వవచ్చో లేదో చెబుతాను."

రాజు తలెత్తి చూశాడు. పేరయ్య ముఖంలో వెటకారం లేదు. నుదుటి నిండా చెమట ఉంది. ఎవరూ కదల్లేదు. నీళ్ళ చెంబు పట్టుకున్న సేవకుడు కూడా పేరయ్య వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"గొంతెండిపోయినోడికి నీళ్ళియ్యనీక గూడా దండోరా కావల్నా?" అన్న కేక వినపడింది. ఓబుళమ్మ భటుడి మీద విరుచుకుపడుతోంది. "ఒరే, తాడిప్పరా! తాగినాక మళ్ళా కట్టుకుందువు గానీ."

భటుడు రాజు వైపు చూశాడు. రాజు వద్దనలేదు. తాడు ఊడింది. ఓబుళమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ పందిట్లోకి వెళ్ళి, కుండలో చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది. రాజు గడగడా తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. లేచి, కత్తి సర్దుకుని, ఎవరినీ చూడకుండా గుమ్మం మీద మళ్ళీ కాలు పెట్టాడు.

"వెళ్ళి రా నాయనా" అంది ఓబుళమ్మ వెనకనుంచి. "గెలిచి, చల్లగా తిరిగి రా."

భటుల బల్లేలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. రాజు ఆగి, మెల్లగా వెనుదిరిగాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అది నీ మనసులో మాటా, ఎవరో నేర్పిన మాటా?"

"మా అత్త నేర్పింది నాయనా. మనసులోకి ఎప్పుడు దిగిందో నాకు తెలీదు."

"నేను కోట దాటగానే నిన్ను అడవిలో వదిలేస్తారు. అది తెలిసి కూడా నేను తిరిగి రావాలని ఎందుకు కోరుకుంటున్నావు?"

ఓబుళమ్మ ఖాళీ చెంబు అందుకుంటూ, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "నువ్వు తిరిగొస్తేనే గదా నాయనా, నన్ను మళ్ళా రమ్మని పిలిచేది!"

రాజు ముందు నోరు తెరిచాడు. తరువాత భుజాలు కదిలాయి. తరువాత కవచం గలగలలాడేలా నవ్వాడు. తెల్లవారినప్పటి నుంచి గుండెల్లో గడ్డకట్టిందంతా ఆ నవ్వులో కరిగి కళ్ళలోంచి కూడా కారింది. ముందు వరుసలో భటులు విన్నారు, వెనక వరుసకు చెప్పారు. కాసేపట్లో మైదానమంతా నవ్వింది. ఆ నవ్వులో ఎవడో "వెళ్ళొస్తాం అవ్వా!" అని అరిచాడు. అంతే, వేల గొంతులు అదే అన్నాయి.

రాజు నవ్వాపుకుని, "పేరయ్యా, శాసనం తప్పు" అన్నాడు.

"మరొక్కసారి సెలవివ్వండి ప్రభూ. ఈ గోలలో వినపడలేదు" అన్నాడు పేరయ్య.

మహారాణి చెప్పవలసిన మాట చెప్పింది, రాజు గుమ్మం దాటాడు.

ఆ యుద్ధం సంగతి వేరే కథకులు చెబుతారు, కొంచెం పెంచి చెబుతారు. మనకు కావలసింది, ప్రతాపకేతు గెలిచి చల్లగా తిరిగి వచ్చాడు. రాగానే చలివేంద్రం దగ్గర గుర్రం దిగి మజ్జిగ తాగాడు. సభ తీర్చి, తన కంఠంలోని ముత్యాలహారం తీసి పేరయ్య మెడలో వేశాడు.

"శాసనం రద్దు చేస్తూ, ఆ మాటలన్నీ మళ్ళీ పలకాలని రేపే దండోరా వేయిస్తాను" అన్నాడు.

"వద్దు ప్రభూ!" అన్నాడు పేరయ్య కంగారుగా. "దండోరా వేస్తే రేపటినుంచి తమకు భయపడి పలుకుతారు. రద్దు చేసి ఊరుకోండి చాలు. మిగతాది వాళ్ళ అత్తలు చూసుకుంటారు."

రాజు మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వుల మధ్య విశృంఖలాచార్యుడు లేచి, తన దేశానికి ప్రయాణమవుతున్నట్టు చెప్పాడు. రాజు కొంటెగా చూసి, "ఆచార్యా, మీకోసం ఆ శాసనాన్ని ఈ ఒక్కసారికి అట్టే పెట్టాం. వెళ్ళండి" అన్నాడు. సభ గొల్లుమంది.

పండితుడు నిటారుగానే నడిచి బయటికి వచ్చాడు. సింహద్వారం పక్కన ఓబుళమ్మ మజ్జిగ ఇస్తే తాగాడు. ముంత తిరిగి ఇచ్చేశాడు. ఎందుకో కదలకుండా ఎండలో అలాగే నిలబడ్డాడు. ఓబుళమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ముంత కడిగి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వెళ్ళి రా నాయనా" అంది.

అప్పుడు కదిలాడు.